ఫామ్‌హౌస్‌లోనో హోమ్‌స్టేలోనో దెబ్బ తగిలితే కేసు ఎక్కడ వేయాలి, ఎలా వేయాలి

వీకెండ్‌కి మొయినాబాద్‌లోనో శంకర్‌పల్లిలోనో ఫామ్‌హౌస్, లంబసింగి వెళ్తే హోమ్‌స్టే, గోవా అయితే విల్లా. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి, ఫోన్‌పేలో సగం అడ్వాన్స్ కొట్టి, మిగతాది గేటు దగ్గర ఇచ్చేసి లోపలికి వెళ్లిపోతాం. అక్కడ మెట్ల మీద లైటు లేక కాలు విరిగినా, గీజర్ షాక్ కొట్టినా, బాల్కనీ రెయిలింగ్ ఊడి కింద పడ్డా చాలామంది "మన ఖర్మ" అనుకుని సొంత డబ్బుతో ఆస్పత్రి బిల్లు కట్టుకుంటున్నారు. అలా వదిలేయకండి. డబ్బు తీసుకుని బస ఇచ్చినవాళ్లు ఆ చోటును ప్రమాదం లేకుండా ఉంచాలి, ఉంచకపోతే పరిహారం కట్టాలి, ఆ కేసు మీరు మీ ఊళ్లోనే, ఫీజు లేకుండా వేసుకోవచ్చు. కాకపోతే ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ కేసుల్లో గెలుపోటములు చాలావరకు దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజుల్లో ఏం రాయించారు, ఏం దాచిపెట్టుకున్నారు అన్నదాని మీదే తేలిపోతాయి, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆస్పత్రిలో చెప్పే మొదటి మాట

108కి ఫోన్ చేసో, కారులోనో ముందు ఆస్పత్రికి వెళ్లండి, మిగతావన్నీ తర్వాత. అయితే సరిగ్గా ఈ కంగారులోనే కేర్‌టేకరో మేనేజరో పక్కన చేరి మెల్లగా ఓ మాట అంటాడు: "సార్, ఇంట్లో జారిపడ్డారని చెప్పండి, లేకపోతే పోలీస్ కేసు అవుతుంది, మీకే తిరుగుడు. బిల్లు మేం చూసుకుంటాం." ఆ టెన్షన్‌లో మనవాళ్లు సరే అనేస్తారు. దయచేసి అనకండి. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ "ఎలా తగిలింది, ఎక్కడ, ఎన్నింటికి" అని అడిగి కేస్ షీట్‌లో ఒకటి రెండు లైన్లు రాస్తాడు చూడండి, ఏడాది తర్వాత పరిహారం కేసు నడిచే వినియోగదారుల కమిషన్ ముందు అవతలి లాయరు మొట్టమొదట తీసి చదివేది ఆ లైన్లే. అందులో "ఇంట్లో మెట్ల మీద జారిపడ్డారు" అని ఉంటే మీ దగ్గర ఎన్ని ఫొటోలున్నా, ఎంతమంది సాక్షులున్నా ఆ రాత మీ మెడకే చుట్టుకుంటుంది. హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోనూ ఇబ్బందే.

ఫలానా ఊళ్లో ఫలానా ఫామ్‌హౌస్‌లో, ఇన్ని గంటలకు, రెయిలింగ్ ఊడిపోవడం వల్ల పడ్డాను అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే గాయాన్ని పోలీసు కేసుకు పనికొచ్చేలా ఆస్పత్రి నమోదు చేయడం) చేయమని మీరే అడగండి, ఆ నంబరు రాసిపెట్టుకోండి. డిశ్చార్జ్ సమ్మరీ చేతికొచ్చాక బయటికి వచ్చేముందు చదవండి, తప్పుంటే అప్పుడే దిద్దించుకోండి, నెల తర్వాత వెళ్తే ఎవరూ దిద్దరు. మందు తాగి ఉంటే అదీ దాచొద్దు. అది రిపోర్టులో ఎలాగూ వస్తుంది. తాగినంత మాత్రాన కేసు పోదు, మీ తప్పు కొంత ఉందని పరిహారం తగ్గించే అవకాశం ఉంటుంది, అంతే. అబద్ధం బయటపడితే మాత్రం మొత్తానికే మోసం.

ఇంకో రెండు పరీక్షల సంగతి ఇక్కడే చెప్పాలి. బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉండి, కిటికీ లేకపోయి, స్నానం చేస్తూ కళ్లు తిరిగి పడిపోతే అది కార్బన్ మోనాక్సైడ్ కావచ్చు, దానికి వాసన ఉండదు. రక్తంలో దాని మోతాదు తేల్చే పరీక్ష వెంటనే చేయమనండి, ఆక్సిజన్ పెట్టాక గంటల్లో అది తగ్గిపోతుంది, తర్వాత నిరూపించడం చాలా కష్టం. కరెంట్ షాక్ అయితే పైకి ఏమీ కనబడకపోయినా ఈసీజీ తీయించండి.

అక్కడి సాక్ష్యం తెల్లారేసరికి మాయమవుతుంది

రాత్రి ఊడిన రెయిలింగ్‌కి పొద్దున్నే వెల్డింగ్ అయిపోతుంది, అది మామూలే. కాబట్టి మీరు ఆస్పత్రిలో ఉన్నా మీతో వచ్చినవాళ్లలో ఒకరిని వెంటనే వెనక్కి పంపండి. గేటు బోర్డు దగ్గర మొదలుపెట్టి ప్రమాదం జరిగిన చోటు దాకా ఆపకుండా ఒకే వీడియో తీయాలి. తర్వాత దగ్గరి ఫొటోలు. రెయిలింగ్ అయితే మొత్తం బాల్కనీ ఫొటో ఒక్కటి సరిపోదు. కడ్డీ అడుగున నేలకు అతుక్కున్న చోటు తీయాలి: తుప్పు పట్టి పొరలు లేచిన వెల్డింగ్, నాలుగు బోల్టులు ఉండాల్సిన ప్లేటుకు రెండే ఉండటం, తుప్పు మీద మళ్లీ కొట్టిన కొత్త పెయింటు. పక్కన ఓ పది రూపాయల బిళ్ల పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది. తుప్పు అంటే ఒక్క రోజులో వచ్చేది కాదు, ఓనరు నెలల తరబడి పట్టించుకోలేదనడానికి ఆ ఒక్క ఫొటో చాలు. స్విమ్మింగ్ పూల్ అయితే గట్టు మీద లోతు ఎంతో అంకెలు రాసి ఉన్నాయా, నీళ్లలో అడుగు కనబడుతోందా, లైఫ్‌గార్డ్ ఉన్నాడా, ట్యూబ్ గానీ తాడు గానీ ఎక్కడైనా వేలాడుతోందా అన్నవి రావాలి. మెట్ల మీద పడితే అదే టైముకి, అదే చీకట్లో, ఫ్లాష్ లేకుండా కూడా ఓ ఫొటో తీయండి.

లిస్టింగ్ పేజీ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసుకోండి, మార్చేస్తారు. పాత రివ్యూలు ఓపిగ్గా చదవండి. ఎవరైనా ముందే "మెట్లు జాగ్రత్త", "గీజర్ ముట్టుకుంటే జివ్వుమంది" అని రాసి ఉంటే అంతకన్నా మంచి సాక్ష్యం లేదు, ఎందుకంటే ఓనర్‌కి తెలిసి కూడా బాగుచేయలేదని తేలుతుంది. యూపీఐ రసీదులు, వాట్సాప్ చాట్ డిలీట్ చేయకండి, ఫొటోలు ఏ ఫోన్‌లో తీశారో అందులోనే ఒరిజినల్స్ ఉంచండి, వాట్సాప్‌లో పంపుకున్న కాపీలు మాత్రమే మిగిలితే వాటి మీద అనుమానాలు లేవదీస్తారు.

సీసీ కెమెరాల రికార్డింగ్ మీద కొన్ని రోజులకే కొత్తది పడి పాతది చెరిగిపోతుంది. అదే రోజు ఓనర్‌కి, బుకింగ్ యాప్ వాళ్లకి ఇలా మెసేజ్, మెయిల్ రెండూ పెట్టండి: "ఫలానా తేదీ రాత్రి 9 గంటల ప్రాంతంలో మీ ప్రాపర్టీలో బాల్కనీ రెయిలింగ్ ఊడి నాకు గాయాలయ్యాయి. ఆ రోజు సాయంత్రం 6 నుంచి అర్ధరాత్రి వరకు ఉన్న సీసీటీవీ ఫుటేజీని, రిపేర్ల రికార్డులను భద్రపరచండి. పోయాయని తర్వాత చెబితే ఉద్దేశపూర్వకంగా తీసేసినట్టు భావించమని కమిషన్‌ని కోరతాను." అంతే, తిట్లు వద్దు, బెదిరింపులు వద్దు.

పోలీసులు, ఇన్‌స్పెక్టర్లు

చిన్న దెబ్బకు పోలీస్ స్టేషన్ దాకా వెళ్లాలా అన్నది మీ ఇష్టం. ఎముక విరిగినా, పన్ను ఊడినా, తల పగిలినా మాత్రం ఫిర్యాదు ఇవ్వండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో తీవ్రంగా గాయపరిస్తే 3 ఏళ్ల వరకు జైలు, ప్రాణం పోతే 106 కింద 5 ఏళ్ల వరకు. "అది మా పరిధి కాదు, వికారాబాద్ వెళ్లండి" అంటే ఊరుకోవద్దు, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా నమోదు చేసే ఎఫ్‌ఐఆర్) కట్టాలని కొత్త చట్టంలో రాసే ఉంది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. క్రిమినల్ కేసు వల్ల మీకు డబ్బు వస్తుందని ఆశ పెట్టుకోవద్దు, దాని ఉపయోగం వేరు: పోలీసులు వచ్చి పంచనామా రాస్తారు, వాచ్‌మన్ స్టేట్‌మెంట్ తీసుకుంటారు, ఆ కాగితాలు పరిహారం కేసులో పనికొస్తాయి.

కరెంట్ షాక్ కేసుల్లో ఎక్కువమందికి తెలియని దారి ఒకటుంది. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 161 ప్రకారం కరెంటు వల్ల ప్రమాదం జరిగితే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌తో విచారణ చేయించే ఏర్పాటు ఉంది. ఆ ఆఫీసుకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఎర్తింగ్ లేదని ప్రభుత్వ ఇన్‌స్పెక్టరే రాస్తే ఇక వాదించడానికి అవతలివాళ్లకి పెద్దగా ఏమీ మిగలదు.

ఆర్‌టీఐ (సమాచార హక్కు చట్టం) కూడా వాడండి. ఆ భవనానికి గ్రామ పంచాయతీ అనుమతి ఉందా, టూరిజం శాఖలో రిజిస్టర్ అయిందా, కరెంట్ మీటరు ఇంటి కేటగిరీలో ఉందా కమర్షియల్‌లో ఉందా అని అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. పర్మిషన్ లేకుండా నడిపిన చోటు అని తేలితే మీ కేసుకి బలం.

ఎవరి మీద వేయాలి

ఇక్కడ చాలామంది తికమక పడతారు, ఎందుకంటే ఇన్‌స్టాలో పేజీ నడిపేది ఒకడు, డబ్బు పడేది ఇంకొకడి అకౌంట్‌లో, భూమి మూడోవాళ్ల పేరు మీద. ఎవరినీ వదలకండి. భూమి ఓనరు, లీజుకు తీసుకుని నడిపేవాళ్లు, డబ్బు తీసుకున్నవాళ్లు, బుకింగ్ యాప్ కంపెనీ, అందరినీ ప్రతివాదులుగా చేర్చండి, ఎవరి వాటా ఎంతో కమిషన్ తేలుస్తుంది. అసలు ఓనరు ఎవరో తెలియకపోతే యూపీఐ రసీదులో వచ్చే పేరు, రిజిస్ట్రేషన్ శాఖలో తీసుకునే ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), భూమి రికార్డుల పోర్టళ్లయిన తెలంగాణలో భూభారతి, ఆంధ్రలో మీభూమి, వీటిలో ఏదో ఒకటి దారి చూపిస్తుంది.

యాప్ కంపెనీ "మేం మధ్యవర్తులం మాత్రమే" అంటుంది. అన్నా సరే, 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్ మీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ముందు అక్కడ ఫిర్యాదు పెట్టి ఆ నంబరు దాచుకోండి. ఎయిర్‌బీఎన్‌బీలో బుక్ చేసుకుని ఉంటే, తప్పు హోస్ట్‌దని తేలినప్పుడు గెస్ట్ గాయాలకు 10 లక్షల డాలర్ల వరకు వర్తించే లయబిలిటీ ఇన్సూరెన్స్ హోస్ట్‌లకు ఉంటుంది. హోస్ట్ జేబులోంచి రాకపోయినా అక్కడి నుంచి రావచ్చు కాబట్టి అడగండి.

బుకింగ్ ఫ్రెండ్ పేరు మీద ఉంది, దెబ్బ నాకు తగిలింది, నేను వేయొచ్చా అని అడుగుతుంటారు. వేయొచ్చు. డబ్బు కట్టినవాళ్లతో పాటు వాళ్ల అంగీకారంతో ఆ సేవ వాడుకున్నవాళ్లు కూడా వినియోగదారులే అని చట్టంలోనే ఉంది.

వినియోగదారుల కమిషన్, అసలు దారి ఇదే

సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేయొచ్చు, గడువు సాధారణంగా 3 ఏళ్లు. కానీ ప్రమాదం జరిగిన ఊళ్లోనో అవతలివాళ్లు ఉండే ఊళ్లోనో వేయాలి, అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, ఏళ్లు పడుతుంది. గోవాలో దెబ్బ తగిలిన కరీంనగర్ మనిషి గోవా కోర్టు చుట్టూ ఎక్కడ తిరుగుతాడు?

అందుకే నా మటుకు నేను జిల్లా వినియోగదారుల కమిషన్‌నే ముందు చెబుతాను, మనవాళ్లు ఇంకా వినియోగదారుల ఫోరం అనే అంటారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే, లేదా ఉద్యోగం చేసే చోటే ఫిర్యాదు వేయొచ్చు. జిల్లా, రాష్ట్ర, జాతీయ కమిషన్లలో దేనికి వెళ్లాలన్నది మీరు కట్టిన రేటును బట్టి తేలుతుంది, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. అంటే 12 వేలు కట్టి తీసుకున్న ఫామ్‌హౌస్‌లో వెన్నెముక దెబ్బతిని 30 లక్షలు అడిగినా మీ కేసు జిల్లా కమిషన్‌లోనే, కట్టిన సొమ్ము 5 లక్షలు దాటలేదు కాబట్టి ఫీజు సున్నా. ఈ పద్ధతిని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో సమర్థించింది కూడా. గడువు 2 ఏళ్లు. చికిత్స అయ్యాక చూద్దాం, వాళ్లు ఇస్తామన్నారు కదా అంటూ ఈ 2 ఏళ్లు దాటించుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే కమిషన్ మన్నించొచ్చు గానీ దాని మీద ఆధారపడకండి.

ముందుగా నోటీసు పంపండి, తప్పనిసరి కాదు గానీ మంచిది: ఏం జరిగింది, ఎంత ఖర్చయింది, ఎంత కావాలి, 15 రోజులు గడువు. స్పీడ్ పోస్టులో పంపి డెలివరీ రుజువు ఉంచుకోండి. తర్వాత ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు, అఫిడవిట్, కాగితాలు అప్‌లోడ్ చేయడమే. సందేహం వస్తే 1915 హెల్ప్‌లైన్. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. అయితే శాశ్వత వైకల్యం మిగిలిన కేసు అయితే మాత్రం లాయర్‌ని పెట్టుకోండి, అక్కడ లెక్కలు కష్టం. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, ఫోన్ 15100.

ఎంత అడగాలి అన్నదానికి ఆస్పత్రి బిల్లులు మాత్రమే లెక్క కాదు. ఇకముందు చేయించాల్సిన ఆపరేషన్, ఫిజియోథెరపీ, ఇంట్లో మనిషిని పెట్టుకున్న జీతం, పోయిన జీతం, షాపు మూసేసిన రోజులు, నొప్పి, బాధ, అన్నీ విడివిడిగా రాసి పక్కన కాగితం పెట్టాలి. శాలరీ స్లిప్పులు, ఐటీ రిటర్నులు, ప్రభుత్వ ఆస్పత్రి మెడికల్ బోర్డు ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ ఉంటే అంకె నిలబడుతుంది. గుండుగుత్తగా 50 లక్షలు అని రాస్తే నిలబడదు.

అవతలివాళ్లు సాధారణంగా మూడు వాదనలు తెస్తారు. మొదటిది, "ఇల్లు అద్దెకిచ్చాం, సర్వీస్ కాదు." రోజుకింత అని రేటు, దుప్పట్లు, క్లీనింగ్, వంటమనిషి ఉన్నాక అది మామూలు ఇంటద్దె కాదని గట్టిగా చెప్పండి, చట్టంలో సేవ అనే నిర్వచనంలోనే బస, భోజనం ఉన్నాయి. రెండోది, "ఎట్ ఓన్ రిస్క్ (ఏం జరిగినా మీదే బాధ్యత) అని బోర్డు పెట్టాం, మీరు ఫారం మీద సంతకం కూడా పెట్టారు." సుప్రీంకోర్టు 2019 నవంబరులో, ఢిల్లీలో హోటల్ పార్కింగుకి ఇచ్చిన కారు పోయిన కేసులో, సొంత నిర్లక్ష్యం ఉన్నప్పుడు ఓనర్స్ రిస్క్ అన్న షరతు హోటల్‌ని కాపాడదని చెప్పింది. కారుకే అంత జాగ్రత్త ఉండాలన్నప్పుడు మనిషి ప్రాణానికి ఉండదా అని మీరు వాదించుకోవచ్చు. మూడోది, గొడవొస్తే కోర్టుకు కాక మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలని (ఆర్బిట్రేషన్) టర్మ్స్‌లో ఉందని. అది ఉన్నా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లే హక్కు పోదని 2018లోనే తేలిపోయింది.

పూల్ ప్రమాదాలకైతే ప్రతి ఒక్కరూ చెప్పుకోవాల్సిన కేసు కోవళంది. 2006లో అక్కడి కేరళ టూరిజం కార్పొరేషన్ హోటల్ స్విమ్మింగ్ పూల్‌లో ఓ అతిథి మునిగి చనిపోయారు. లైఫ్‌గార్డ్‌గా పెట్టిన మనిషికే బార్‌లో మందు పోసే పని కూడా అప్పగించారని విచారణలో బయటపడింది. జాతీయ కమిషన్ కుటుంబానికి 62.50 లక్షలు ఇమ్మంది, సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్‌లో దాన్ని ఖాయం చేసింది. మన దగ్గర ఫామ్‌హౌస్‌లలో వాచ్‌మనే లైఫ్‌గార్డ్, వంటవాడే లైఫ్‌గార్డ్. ఎవరు ఏ డ్యూటీలో ఉన్నారో ఆ రోజే పేర్లతో సహా రాసుకోండి.

రాజీకి వస్తే

రాజీ తప్పేం కాదు, మంచి మొత్తం ఇస్తే తీసుకోండి. కానీ ప్లాస్టర్ కూడా తీయకముందే 20 వేలు చేతిలో పెట్టి "ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు" అన్న కాగితం మీద సంతకం అడుగుతారు, అది పెట్టొద్దు. మళ్లీ ఆపరేషన్ అవసరమో కాదో డాక్టర్ తేల్చేదాకా మీ నష్టం ఎంతో మీకే తెలియదు. డబ్బు అత్యవసరమైతే బ్యాంకు ద్వారా తీసుకుని, "వైద్య ఖర్చుల కింద తాత్కాలికంగా అందాయి, మిగతా పరిహారం హక్కు వదులుకోలేదు" అని ఒక మెసేజ్ పెట్టండి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు అక్కడి వెకేషన్ రెంటల్‌లో దెబ్బ తగిలితే దారి వేరు. అక్కడ లాయర్లు ముందు ఫీజు అడగకుండా గెలిచిన దాంట్లో వాటా తీసుకునే పద్ధతి ఉంది, ఇక్కడ అది నిషిద్ధం. కేసు గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: టెక్సస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీలో 2 ఏళ్లు, న్యూయార్క్‌లో 3. హోస్ట్ తరఫు ఇన్సూరెన్స్ కంపెనీ ఫోన్ చేసి రికార్డ్ చేస్తూ ప్రశ్నలడిగితే లాయరుతో మాట్లాడకుండా జవాబివ్వొద్దు, తిరుగు ప్రయాణానికి ముందే లాయర్‌ని కలవండి.

ఆర్డర్ వచ్చాక

ప్రతివాదికి జవాబు వేయడానికి 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15, అంతకు మించి లేదు. వాయిదాలకు వీడియోలో హాజరయ్యే వీలు అడగొచ్చు. 3 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా నిజానికి ఏడాది పైనే పట్టొచ్చు, ఓపిక పట్టండి, వాయిదా మాత్రం వదలకండి. మీకు అనుకూలంగా వచ్చాక వాళ్లు అప్పీలుకి వెళ్లాలంటే 45 రోజుల్లో వెళ్లాలి, వెళ్లేముందు ఆర్డర్ మొత్తంలో సగం డిపాజిట్ చేయాలి. అప్పీలూ వేయక, డబ్బూ ఇవ్వకపోతే అదే కమిషన్‌లో ఆర్డర్ అమలు చేయించమని ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయండి. ఆస్తి జప్తు చేయించే అధికారం కమిషన్‌కి ఉంది, 72వ సెక్షన్ కింద నెల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా వేసే అధికారమూ ఉంది. ఆ పిటిషన్‌లో ఓనర్ ఆస్తి వివరాలు మీరే ఇవ్వాలి, అందుకే మొదట్లో తీసుకున్న ఈసీ కాపీ పారేయకుండా ఫైల్లో ఉంచండి.